"ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి": ఇందులో జ్ఞాపకం ఎందుకు?

ప్రశ్న (తిరుపతి నుంచి)
నేను క్రైస్తవుణ్ని కాను, మాటల మీద ఇష్టంతో అడుగుతున్నా. మా ఆఫీసులో ఒక అక్క, వాళ్ళాయన గుండె ఆపరేషన్‌కు సెలవు పెట్టి వెళ్తూ, పక్క సీటామెతో "మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అంది. అంత టెన్షన్‌లో ఉన్న మనిషి అడగాల్సింది జ్ఞాపకమా? ఇంకోటి, చర్చి కరపత్రంలో "విజ్ఞాపన ప్రార్థన" అని చూశా. అంటే కలెక్టరేట్లో సోమవారం ఇచ్చే అర్జీ లాంటిదా, లేక మన ఊళ్ళో దర్శనానికి ఎమ్మెల్యే ఇచ్చే సిఫారసు లేఖ లాంటిదా?

జవాబు (రిటైరైన తెలుగు మాస్టారు, తిరుపతి)
రెండూ ఒక ఇంటి మాటలే బాబూ. 'జ్ఞా' అంటే తెలియడం. తెలిసేలా చేస్తే జ్ఞాపన. జ్ఞాపకం కూడా మొదట 'తెలియజేసేది' అనే అర్థంలోదే, తెలుగులోకి వచ్చి గుర్తుగా స్థిరపడింది. 'వి' చేర్చి పెద్దల ముందు వినయంగా చెప్పుకుంటే విజ్ఞాపన. అచ్చంగా మన 'మనవి'. మీరన్న అర్జీ అరబ్బీ వైపు నుంచి వచ్చినా దాని పనీ ఇదే.

జవాబు (చిత్తూరు నుంచి)
మాస్టారు చెప్పినదానికి బైబిలు వైపు నుంచి ఒక ముక్క. విజ్ఞాపన ప్రార్థన అంటే వేరేవాళ్ళ కోసం దేవుణ్ణి అడగడం. 1 తిమోతి 2:1లో "విజ్ఞాపనములును ప్రార్థనలును యాచనలును కృతజ్ఞతాస్తుతులును" అని నాలుగు మాటలు వరసగా ఉంటాయి, అవీ "మనుష్యులందరికొరకును". ఇక్కడ యాచన అన్నచోట గ్రీకులో ఉన్న మాట 'ఎంట్యూక్సిస్'. పాత ఈజిప్టులో రాజుకు పెట్టుకునే అర్జీని ఆ మాటతోనే పిలిచేవాళ్ళు. కాబట్టి మీ సోమవారం అర్జీ పోలిక బాగానే అతికింది.

సిఫారసు మాత్రం నాకు నప్పదు. సిఫారసుకు పలుకుబడి కావాలి, లెటర్‌హెడ్ కావాలి.

జవాబు (తిరుపతి నుంచి, మొదట అడిగినాయనే)
మరి బైబిల్లో యాకోబు పత్రికలో (అంటే లేఖలో) "నీతిమంతుని విజ్ఞాపన" బహు బలము గలది అని ఉందట కదా అన్నా? నీతిమంతుడంటే అక్కడ పలుకుబడి ఉన్నవాడే కదా?

జవాబు (చిత్తూరు నుంచి)
మంచి పట్టే పట్టారు. అదే వచనం (5:16) మొదలు చూడండి: "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి", ఆ వెంటనే "ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి". ఇద్దరూ తప్పులు ఒప్పుకున్నవాళ్ళే, ఇద్దరూ ఒకరికోసం ఒకరు అడిగేవాళ్ళే. తర్వాతి వచనం ఏలీయా అంతటి ప్రవక్తను కూడా "మనవంటి స్వభావముగల మనుష్యుడే" అంటుంది. సిఫారసు లేఖ రాసేవాడు అలా ఒప్పుకుంటాడా చెప్పండి!

జవాబు (తిరుపతి నుంచి, ఇంకొకరు)
మేం కథోలికులం. జపమాలలో "మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి" అని మరియమ్మనే అడుగుతాం. 'కొరకు' అనే మాట మా ఇంట్లో ఇంకెక్కడా వినబడదు, జపంలో తప్ప.

జవాబు (తిరుపతి నుంచి, మొదట అడిగినాయన)
అంతా బాగుంది గానీ, దేవుడికి అన్నీ తెలుసు కదా. తెలిసినవాడికి మళ్ళీ తెలియజేయడమేంటి?

జవాబు (చిత్తూరు నుంచి)
అడగక మునుపే మీ తండ్రికి తెలుసునని యేసే అన్నాడు, మత్తయి 6:8. అందుకే నాకు 'జ్ఞాపకం' సరైన మాట అనిపిస్తుంది. గుర్తు పెట్టుకోవాల్సింది దేవుడు కాదు, ప్రార్థన చేస్తామని మాటిచ్చినవాళ్ళు. "ప్రార్థన చేస్తాలే" అని గేటు దాటగానే మరిచిపోయే జాతి మనది, నాతో సహా. బైబిల్లో సమూయేలు ప్రవక్త అయితే ప్రజల కోసం ప్రార్థన మానడం యెహోవాకు, అంటే దేవుడికి, విరోధంగా పాపం అన్నాడు.

మాయమ్మ మరిచిపోకుండా ఒక పాత డైరీ పెట్టుకుంది. పేజీకి మూడు నాలుగు లైన్లు: "పాలాయన, కోర్టు వాయిదా", "ఎదురింటామె కోడలు, ఏడో నెల", "గ్యాస్ బండి పిల్లోడు, డిగ్రీ ఫెయిల్". తెల్లారి నాలుగున్నరకు లైటు వేసి, వేలు పెట్టుకుని ఒక్కో లైనూ చదివేది. పని అయినవాటికి పక్కన టిక్కు.

గట్టు తగాదాలో మాతో రెండేళ్ళు మాట్లాడని పక్క చేను రైతు కూడా అందులో ఉన్నాడు. హింసించేవాళ్ళ కోసం ప్రార్థన చేయమన్నారు కదా అని రాసినట్టుంది, మనసొప్పి మాత్రం కాదు. మొదటి లైను "వానికి బుద్ధి రావాల". నెల తర్వాత "వాళ్ళ బోరు ఎండిపోయింది". ఇంకో రెండు పేజీలు తిప్పితే "ఆయనకు నీళ్ళు పడాల".

మాస్టారూ, ఈ 'వానికి' ఎప్పుడు 'ఆయనకు' అయిందో అమ్మను అడిగితే, నేనట్లా రాసినానా అని డైరీ లాక్కుని చూసుకుంది.