అప్‌డేట్: మాస్టడాన్‌కి వేరే యాప్‌లు పెట్టి చూసిన

పోయిన వారం అడిగిన గదా, నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మాస్టడాన్‌కి (ట్విట్టర్ లెక్కటిదే, గానీ వేరువేరు మనుషులు నడిపే సర్వర్ల మీద ఉంటది) అసలు యాప్ కాకుండ ఇంకేదన్న మంచిదుందా అని, మీరు చెప్పినయన్ని పెట్టి చూసిన, కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే ట్రైన్ల ఇంక పనేముంటది.

ఆఖరికి టస్కీ అనే యాప్ దగ్గర ఆగిన. మెగలోడాన్ గూడ మంచిగనే ఉంది, అసలు యాప్ కోడ్ తీస్కొనే చేసిన్రు కాబట్టి మొకం అదే తీరు. టస్కీల మాత్రం ట్యాబ్‌లు మనిష్టం, హోం పక్కకే వరంగల్ హ్యాష్‌ట్యాగ్‌కి ఒకటి పెట్టుకున్న, వేలుతోని జరిపితే అయిపాయె. పోస్టు షెడ్యూల్ గూడ చెయ్యొచ్చు, కనీసం 5 నిమిషాలు ముందుకు పెట్టాలె.

పాస్‌వర్డ్ పోతదేమో అని భయపడ్డ గానీ యాప్‌ల అది కొట్టేదే లేదు, సర్వర్ పేరు ఇస్తే బ్రౌజర్ల మన సర్వర్ పేజీ తెరుసుకుంటది, ఆడ ఒప్పుకుంటే చాలు. వద్దనుకుంటే అకౌంట్ సెట్టింగ్స్‌ల పోయి ఆ యాప్‌ని పీకేయొచ్చు.

2023 జనవరిల ట్విట్టర్ బయటి యాప్‌లను బంద్ చేసినట్టు ఇక్కడ అయితదా అని ఒకలు అడిగిన్రు, సర్వర్లన్ని ఒక్కల చేతుల లెవ్వు గదా, గంత అల్కగ కాదు.

తప్పు నాదే ఒకటుంది, నాలుగు యాప్‌లల్ల లాగిన్ ఉంచి మర్చిపోయిన, రాత్రి ఒక్క రిప్లై వస్తే ఫోన్ నాలుగుసార్లు మోగింది, అమ్మ లేసి "ఎవల్రా గింత రాత్రి" అన్నది. మూడు తీసేసిన.