"మంత్రదండం తాకిన వాడు": ఇంతకీ రాయి అయ్యేది ఎవరు?

నిన్న ఒక తమ్ముడు గ్రూపులో అడిగిన దానికి జవాబు కామెంట్లో ఇమిడేలా లేదు, అందుకే విడిగా పెడుతున్నా. చూడనివాళ్ళ కోసం సంగతి ఇదీ. కడప దగ్గర ఒక మామిడితోటలో ఆ తమ్ముడూ ఇంకొందరు కాలేజీ పిల్లలూ వేషాలు కట్టి, స్పాంజి కత్తులు పట్టి, రాజులూ సైనికులూ మంత్రగాళ్ళూ అయిపోయి ఆట ఆడుతున్నారు. దీన్ని లార్ప్ అంటారు. బ్రిటన్‌లో 1982లో పెక్‌ఫర్టన్ అనే కోటలో ఇలాంటిది మొదలుపెట్టారు, అమెరికాలో అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే స్పాంజి కత్తుల యుద్ధాలు ఉన్నాయి. మనవాళ్ళు నియమాలన్నీ తెలుగులో రాసుకున్నారు, అది నాకు బాగా నచ్చింది. గొడవ వచ్చింది ఈ ఒక్క వాక్యం దగ్గర, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే తమ్ముడి ప్రశ్న:

"మంత్రదండం తాకిన వాడు రాయి అవుతాడు."

మంత్రగాడు దండం చాపాడు. సైనికుడు దాని కొసను గట్టిగా పట్టేసుకున్నాడు. "తాకినావు, రాయివి అయిపోయినావు" అన్నాడు మంత్రగాడు. "దండం నన్ను తాకితే కదప్పా, నేను దాన్ని పట్టుకున్నా, అది వేరే" అన్నాడు సైనికుడు. కాదు, దండాన్ని ఎవరు తాకినా రాయేనని మంత్రగాడు వాదిస్తే, "అట్లయితే పొద్దున్నుంచి చేతిలో పట్టుకొని తిరుగుతున్నావు, ముందు నువ్వే రాయి కావాల" అన్నాడంట. ఆ పిల్లోడు లా చదివితే పైకొస్తాడు.

కామెంట్లలో ఇద్దరు ముగ్గురు "తెలుగులో స్పష్టత ఉండదు, రూల్స్ ఇంగ్లీషులోనే రాసుకోవాలి" అన్నారు. నేను ఒప్పుకోను. "మంత్రగత్తె తాకిన వాడు" అంటే ఆమె వాణ్ణి తాకింది. "మంత్రగత్తెను తాకిన వాడు" అంటే వాడు ఆమెను తాకాడు. ఒక్క "ను"తో మొత్తం తిరగబడుతుంది, ఇంతకంటే స్పష్టత ఏం కావాలి? చిక్కు ప్రాణం లేని వస్తువుల దగ్గరే, వాటికి మామూలుగా ఆ "ను", "ని" చేర్చం. అన్నాన్ని తిన్నాను అని ఎవరూ అనరు, అన్నం తిన్నాను అంటాం. అలాగే "దండం తాకిన వాడు" అన్నప్పుడు దండం తాకిందా, దండాన్ని తాకాడా అన్నది పైకి కనపడదు. మామూలుగా మనకు ఇది అడ్డం రాదు. "ముల్లు గుచ్చుకున్న వాడు" అంటే ఎవరు ఎవరికి గుచ్చుకున్నారని ఎవరైనా అడుగుతారా, ముల్లు సంగతి అందరికీ తెలుసు. మంత్రదండం సంగతి ఎవరికి తెలుసు?

నాకు అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. రోజూ మాట్లాడే మాటల్లో సగం అర్థం మాటలో ఉండదు, లోకం గురించి మనకు ముందే తెలిసిన దాంట్లో ఉంటుంది. ఆ పిల్లల కాగితంలోనే ఇంకో వాక్యం చూడండి: "చీకట్లో అన్ని మంత్రాలు పనిచేయవు." ముద్దనూరులో అన్ని రైళ్ళూ ఆగవు అంటే కొన్నే ఆగుతాయని మనకు తెలుసు, ఎందుకంటే అక్కడ స్టేషన్ ఉంది, రైళ్ళు ఆగుతాయి. వాక్యం కట్టుబడి అదే అయినా, చీకట్లో మంత్రాలు ఒక్కటీ పనిచేయవా, కొన్ని పనిచేసి కొన్ని చేయవా అన్నది తేల్చడానికి మన అనుభవంలో చీకటి మంత్రాలు లేవు. కాబట్టి కల్పిత లోకానికి నియమం రాసేవాడు రెండో అర్థానికి సందు ఇవ్వకూడదు. "ఏ మంత్రమూ పనిచేయదు" అనాలి, లేదా "కొన్నే పనిచేస్తాయి, అవి ఇవీ" అని పేర్లు చెప్పాలి.

దండం వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "మంత్రగాడు దండంతో ఎవరిని తాకితే వాళ్ళు రాయి అవుతారు. ఎదుటివాళ్ళు దండాన్ని పట్టుకుంటే ఏమీ కాదు." తాకిన వాడు, వేసిన వాడు, కొట్టిన వాడు అని కుదించి రాయడం చూడ్డానికి బాగుంటుంది గానీ ఎవరు, ఎవరిని అన్న రెండూ దాంట్లో పోతాయి. "ఎవరిని తాకితే వాళ్ళు" అన్న కట్టు మన నోట్లో ఎప్పుడూ ఉండేదే.

పైగా ఈ ఆటలో దెబ్బ తగిలిందో లేదో చాలాచోట్ల తగిలిన మనిషే ఒప్పుకోవాలి, అంపైరు ప్రతి చెట్టు కిందా ఉండడు. విదేశాల్లో కొందరు గింజలు నింపిన చిన్న గుడ్డమూటలు విసిరి మంత్రం పేరు అరుస్తారు, మూట తగిలినవాడు ఆ అరుపు విని తనకేం జరిగిందో తేల్చుకుంటాడు. (మన దగ్గర కొర్రలు నింపుకోవచ్చు.) అంటే మంత్రం పరుగెత్తే మనిషికి ఒక్కసారి వినగానే అర్థం కావాలి. ఇక్కడ వీళ్ళు "కదలకండి!" అని పెట్టారు. అది గుంపంతటికా, లేక ఎదురుగా ఉన్న ఒక్కడికి మర్యాదగానా? బిగుసుకుపోయేది ఒక్కరా, పదిమందా? సీనియర్లను నువ్వు అనడం బాగుండదని అలా పెట్టామని తమ్ముడు రాశాడు. శత్రువును రాయిని చేసేటప్పుడు మర్యాద ఏంటికప్పా! ఒక్కడికైతే "కదలాకు", గుంపుకైతే "అందరూ కదలాకండి" అనండి, మన సీమ మాట మంత్రానికి బలంగానే ఉంటుంది.

రక్షణ మంత్రం మాత్రం అదిరింది. "మనల్ని కాపాడు" అని డాలు పట్టిన మిత్రుడితో అంటే వాడికీ రక్ష, "మమ్మల్ని కాపాడు" అంటే వాడు కాపలాకే, రక్ష మిగతావాళ్ళకు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట, వాళ్ళు దీనికి ఇంకో వాక్యం అదనంగా రాసుకోవాలి. ఇంగ్లీషే మేలన్న వాళ్ళు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

మీ కాగితంలో "పది లెక్కపెట్టే వరకు" అన్నచోట లెక్కపెట్టేది ఎవరో రాయండి, బయటికి వినపడేలా అని కూడా చేర్చండి, లేకపోతే తొండి ఖాయం.

చివరగా ఒకటి మార్చి తీరాలి. ఎవరైనా నిజంగా పడిపోతే ఆట నిలపడానికి "ఆగు" అని పెట్టారు. కత్తి దూసిన ప్రతివాడూ "ఆగు!" అనే అంటాడు, అది వేషంలో అన్నాడో నిజంగా అన్నాడో ఎట్లా తెలిసేది? వేషంలో ఎవరూ అనని మాట కావాలి. "తూచ్" పెట్టుకోండి. చిన్నప్పటి నుంచి అందరికీ వచ్చు, ఏ మంత్రగాడూ శత్రువును చూసి తూచ్ అనడు.