అప్‌డేట్: పాప క్లాస్ ర్యాంక్ సంగతి ఏమైందంటే

టెక్సస్‌లో చదివే మా పాప క్లాస్ ర్యాంక్ టాప్ 8 శాతం దగ్గర ఆగింది, యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) వస్తుందా అని కిందటేడాది అడిగాను. చాలామంది "టాప్ 10 శాతంలో ఉందిగా, టెన్షన్ ఎందుకు" అన్నారు. అక్కడే పొరపాటు. క్లాసులో టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా సీటివ్వాలని 1997 నాటి రాష్ట్ర చట్టం అంటుంది కానీ, ఆస్టిన్‌కు మాత్రం మినహాయింపు ఉంది. పాప అప్లై చేసిన 2025 ఫాల్ సెమిస్టర్‌కి (ఆగస్టులో మొదలయ్యేది) ఆటోమేటిక్ సీటు 6 శాతం వరకే. 2026 ఫాల్ నుంచి అది 5 శాతమే.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలోకి మాత్రమే, కోరిన మేజర్‌కి (ముఖ్య సబ్జెక్టుకి) హామీ లేదు. టాప్ 3 శాతంలో ఉన్న పాప స్నేహితురాలికే కంప్యూటర్ సైన్స్ రాలేదు! ఆ అమ్మాయి ఏడుపు చూశాక మావారు ర్యాంక్ ఊసే ఎత్తడం మానేశారు.

మాకు ఆస్టిన్ రాలేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ మాత్రం 10 శాతం లెక్కనే సీటిచ్చింది. అక్కడ ఇంజినీరింగ్‌లో మొదటి ఏడాది అందరికీ జనరలే, బ్రాంచ్ తర్వాత గ్రేడ్లను బట్టి. అంటే మళ్లీ పోటీయే అనుకోండి.

బాబు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. ఆస్టిన్ చూసేది పదకొండో తరగతి చివరి ర్యాంక్. ర్యాంక్ లెక్కలో ఏపీ క్లాసులకు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు) వెయిటేజీ ఎంతో ఈసారి ముందే కౌన్సెలర్‌ని అడిగి వచ్చాను.