దత్తమండలాల్లో కర్నూలు దత్తమేనా?

ప్రశ్న: పోటీ పరీక్షల గైడ్లలో తరచూ కనబడే వాక్యం ఇది: “1800లో నిజాం బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేశాడు.” మరి 1839 దాకా కర్నూలు కోటలో నవాబు ఎలా ఉన్నాడండీ?

జవాబు: ఆ వాక్యం అతుకులబొంత. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడిందే 1882లో. ఇక కర్నూలు సంగతి. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమను, ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1800 అక్టోబరు ఒడంబడికతో వదులుకున్నాడు. కర్నూలు నవాబు దగ్గర మాత్రం కంపెనీకి దక్కింది నేల కాదు, పేష్కషు. ఏటా లక్ష రూపాయలు. పేష్ అంటే ముందు, కష్ అంటే లాగడం: పైవాడి ముందుకు జరిపి పెట్టే కానుక. కానుక పుచ్చుకునేవాడు మారాడు, అంతే. కోట, ఫౌజు, శిస్తు వసూలు నవాబువే. కంపెనీ కలెక్టరు మన్రో రైతులతో చేసుకున్న శిస్తు బందోబస్తు (ఒప్పందం) నవాబు ఊళ్ళలోకి రాలేదు.

మరొకరు: అయితే పాత కాగితంలో ‘పేష్కషు’ కనబడితే అది కంపెనీ నేల కాదని తేల్చుకోవచ్చా?

జవాబు: తొందరపడొద్దు. ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) జమీందార్లు కట్టిందీ పేష్కషే, కానీ వాళ్ళు కంపెనీ కోర్టులకు లోబడినవాళ్ళు. మాటతోపాటు ఫౌజు ఎవరిది, న్యాయం ఎవరు చెబుతున్నారు అన్నవి కూడా చూడాలి. కర్నూల్లో రెండూ నవాబువే. అలాగని కంపెనీ చేతులు కట్టుకు కూర్చోలేదు. 1815లో నవాబు అలఫ్ ఖాన్ పోయాక చిన్నకొడుకు ముజఫర్ ఖాన్ కోట పట్టుకుంటే, ఫిరంగులతో కొట్టి పెద్దవాడు మునవ్వర్ ఖాన్‌ను గద్దె ఎక్కించింది. పేష్కషు కట్టే చేయి ఎవరిదో తనే నిర్ణయిస్తానంది!

1839లో కథ ముగిసింది. తుంగభద్ర, హంద్రి కలిసేచోట ఉన్న ఆ కోటలో అప్పటి నవాబు గులాం రసూల్ ఖాన్ లెక్కకు మించి ఆయుధాలు పోగేస్తున్నాడని అనుమానం. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా మీద నడుస్తున్న వహాబీ కుట్ర (కంపెనీ మీద తిరుగుబాటు పన్నాగం) విచారణ దానికి తోడైంది. సోదా చేస్తే జనానా (అంతఃపురం) వైపు ఫిరంగులు పోతపోసే కొలుములు బయటపడ్డాయి. అక్టోబరు 18న ఊరిబయట జొహరాపురం దగ్గర నవాబు కొలువులోని అరబ్బు, రొహిల్లా (పఠాన్) సిపాయిలు పోరాడి ఓడారు. నవాబును తిరుచినాపల్లి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. ఇందులో ‘దత్తం’ ఎక్కడుంది? ఆక్రమణ అనండి, జప్తు అనండి. కోటగోడలు చాలామటుకు 1860లలో పడగొట్టారు. కొండారెడ్డి బురుజు ఆ మిగులే.

ఇంకొకరు: మరి మా పత్తికొండ?

జవాబు: మీది దత్తమేనండీ. 1858లో జిల్లా చేసినప్పుడు బళ్ళారి నుంచి పత్తికొండ, కడప నుంచి కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తెచ్చి కలిపారు. ఈ నాలుగూ 1800 నాటి నేల. నవాబు నేల రామళ్ళకోట, నందికొట్కూరు, నంద్యాల, సిరివెళ్ళ వైపు. అంటే ఒకే జిల్లాలో సగం దత్తం, సగం జప్తు. తమాషా ఏమిటంటే, ‘దత్తమండలం’ పేరు దత్తుబిడ్డలా వినబడుతోందని 1928లో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించిన సభ జరిగింది ఎవరూ దత్తం చేయని నంద్యాలలో.

మొదటివారు: అయితే వాక్యం ఎలా దిద్దాలి?

జవాబు: “1800లో నిజాం నేటి బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాల్లో చాలాభాగాన్నీ, కర్నూలు నవాబు కట్టే పేష్కషునూ కంపెనీకి వదులుకున్నాడు, నవాబు సీమను 1839లో కంపెనీ ఆక్రమించింది.” బనగానపల్లెను మాత్రం ఇందులో కలపకండి, అది 1948 దాకా వేరే సంస్థానం.