క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయింది, భయం పోలేదు. వీడియో కాల్‌లో కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

తణుకు కోడలు:
అందరికీ నమస్తే అండి. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు జబ్బు మళ్ళీ రాకుండా టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. అంతా బాగుందని డాక్టరుగారు చెప్పారు. "గండం గడిచింది కదా, ఇంకా దిగులెందుకు" అంటారు ఇంట్లోవాళ్ళు. చెకప్ తేదీ దగ్గరపడితే నాకు నిద్ర ఉండదు. కూర తరుగుతున్నా, చీర కట్టుకుంటున్నా, గడ్డ ఉందేమోనని చెయ్యి చంకలోకే పోతుంది. ఆన్‌లైన్‌లో సైకాలజిస్టుతో మాట్లాడమని బెంగళూరు నుంచి మా అబ్బాయి పోరుతున్నాడు. ఫోన్‌లో కనిపించే కొత్త మనిషికి ఇవన్నీ చెప్పుకోగలమా? పైగా మాది చిన్న ఇల్లు, ఏం మాట్లాడినా అత్తగారికి వినపడుతుంది.

ఓరుగల్లు పిల్ల:
అక్కా, నాది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. కీమో అయ్యాక నేనూ వీడియోలోనే మాట్లాడాను. ఇంట్లో కుదరక డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో మాట పెగల్లేదు, ఏడుపే. సైకాలజిస్టు మేడమ్ తొందరపెట్టలేదు. అన్నిటికంటే నాకు పనికొచ్చింది ఒక నోటుబుక్కు. భయం ఎప్పుడొచ్చినా ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేయాలి, సాయంత్రం ఆరింటికి కూర్చుని అవన్నీ చదవాలి. పొద్దున ప్రాణం తీసిన భయాల్లో సగం ఆ టైముకి చప్పబడిపోయేవి. మెడ తడుముకోవడం కూడా ఆమె మెల్లమెల్లగా తగ్గించింది. తడిమిన కాసేపే ధైర్యం, మళ్ళీ అనుమానం మొదలు, అందుకే చెయ్యి మళ్ళీ అక్కడికే పోతుందని చెప్పింది. వీడియో ఆపేసి ఒట్టి మాటే పెట్టుకున్నా ఏమీ అనరు అక్కా, మొహమాటపడకు.

క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖ:
అమ్మా, మీరు చెప్పిన భయం ఈ జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళలో చాలామందికి ఉంటుంది. దీనికి సీబీటీ అనే పద్ధతి ఉంది, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మెల్లగా మార్చుకునే మాటల చికిత్స, వీడియోలోనూ బాగానే చేయవచ్చు. బుక్ చేసే ముందు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, తెలుగులో మాట్లాడతారా, క్యాన్సర్ పేషెంట్లను చూశారా అని అడగండి. ముందు ఒకసారి ఊరికే మాట్లాడి చూద్దామనుకుంటే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తే మాత్రం సెషన్ రోజు దాకా ఆగకండి, వెంటనే ఇంట్లోవాళ్ళకి చెప్పి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకో సంగతి, దిగులుకి ఎవరైనా మాత్రలు రాస్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని తప్పకుండా చెప్పండి. పారోక్సెటిన్ లాంటి కొన్ని మందులు దాని పనితనాన్ని తగ్గిస్తాయి.

తణుకు కోడలు:
అయ్యో, ఊళ్ళో డాక్టరుగారు దిగులుకని ఇచ్చిన మాత్ర ఒకటి వేసుకుంటున్నానండి. ఇప్పుడే లేచి చూశాను, అట్ట మీద ఆ పేరే ఉంది! ఈ రాత్రి నుంచి ఆపేయనా?

క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖ:
మీ అంతట మీరు ఆపకండమ్మా. ఒక్కసారిగా మానేస్తే కళ్ళు తిరగడం, వికారం, చిరాకు రావచ్చు. టామాక్సిఫెన్ కూడా ఆపొద్దు. ఆ అట్ట ఫొటో తీసి రేపు పొద్దున్నే మీ క్యాన్సర్ డాక్టరుగారికి పంపి ఫోన్ చేయండి. ఏ మాత్ర మార్చాలో, ఎలా తగ్గించాలో వారే చెబుతారు. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.