ఈ వారం సమస్య: పంది కాళ్ళ క్రింద పారణయ్యె

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
మిత్రులారా, ఈసారి సమస్యను నేను కల్పించలేదు, నా నెత్తిమీదే వేలాడింది. నేనుండేది స్పెయిన్‌లోని సెవిల్‌లో సాంతా కాతలీనా చర్చి దగ్గర. దాన్ని ఆనుకుని ఉన్న వీధిలోనే ఎల్ రింకోన్సిల్యో. 1670 నాటి బారు, 1858 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. మొన్న ద్వాదశి నాడు పారణకు, అంటే ఏకాదశి ఉపవాసం విడిచే భోజనానికి, ఇంట్లో పొయ్యి వెలిగించే ఓపిక లేక అక్కడికి వెళ్ళాను. పాలకూర, శనగలు కలిపి చేసే చిన్న గిన్నెడు కూర చెప్పాను. ఇలాంటి చిరువంటకాన్ని ఇక్కడ తాప అంటారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తితే పైన వరసగా పంది కాళ్ళు! కొవ్వు మన మీద పడకుండా ఒక్కో కాలి కొసకీ తిరగేసిన గొడుగులా చిన్న గిన్నె గుచ్చి ఉంది. నవ్వు ఆపుకోలేక పోయాను. చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ ఆటవెలదిలో మీరు పూరించాలి. ఇక మీ ఇష్టం.

పంది కాళ్ళ క్రింద పారణయ్యె

గోదారిగట్టు:
బోణీ నాదే.

సెవిలు నగరమందుఁ జిరకాల మున్నట్టి
పాత బారుఁ జేరి పాలకూర
శనగ లొక్క గిన్నె చవులూరఁ దినుచుండ
పంది కాళ్ళ క్రింద పారణయ్యె

తెనాలి మిరప:
నడక బాగుంది గట్టుగారూ, గోదారి నిమ్మళంగా ఉన్నప్పటి నడక. కానీ చిరకాలం ఉన్న బారు పాతది కాక కొత్తదవుతుందా? మీ పూరణల్లో మొదటి పాదం చెప్పింది రెండో పాదం మళ్ళీ చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. పైగా శర్మగారు వచనంలో రాసిందే మీరు పద్యంలో తిరగరాశారు. సమస్య ఎక్కడ విడిపోయినట్టు?

గోదారిగట్టు:
ముందు మీ పూరణ పెట్టండి, తర్వాత నా పాదాలు లెక్కపెడుదురుగాని.

అమలాపురం అబ్బాయి:
నాది కూడా చూడండి. కొత్తవాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

తపము పండె ననుచుఁ దాపలు వడ్డింప
గోడ నొరిగి నిలిచి కూర మెసఁగ
ద్వాదశి ఘడియలు దాటక మున్నుగాఁ
బంది కాళ్ళ క్రింద పారణయ్యె

ఓరుగల్లు కోకిల:
తమ్ముడూ, రెండో పాదం మంచిగుంది. అక్కడ చాలామంది నిలబడే తింటారు గనక గోడకు ఒరిగినోణ్ణి కళ్ళ ముందు నిలబెట్టినవ్. తపము, తాప మాత్రం ఎవరికైనా ముందుగా తట్టేదే, దాన్ని ఈ ఒక్కసారికి వాడుకొని వదిలెయ్. ఇగ మూడో పాదంలో మూడో గణం చూడు. "యలు" అని రెండు లఘువులే మిగిలినయ్. ఇంకోటి యాడబోయింది?

అమలాపురం అబ్బాయి:
అయ్యో, నిజమే అక్కా! "ఘడియలవి" అంటే సరిపోతుందా?

ఓరుగల్లు కోకిల:
గణం సరిపోతది గానీ "అవి" ఉత్త బరువు. "ఘడియలిఁక" అను. తొందర గూడ తెలుస్తది.

పాలమూరు పంతులు:
కోకిల చెప్పిన సవరణ బాగుంది. "ద్వాదశి ఘడియలిఁక దాటక మున్నుగా" అన్నప్పుడు ఆ పాదానికి ఆయాసం వచ్చింది, అదే అక్కడ కావలసింది.

ఇక శర్మగారికి రెండు మాటలు. పారణ పొద్దున్నే కావాలి. ఆ బారు తలుపు తీసేదే మధ్యాహ్నం. రెండోది, ఆ కూరలో పాత రొట్టె ముక్కలూ వెల్లుల్లీ నూనెలో వేయించి, జీలకర్రతో కలిపి నూరి వేస్తారు. ఆ ముద్దతోనే కూర చిక్కబడేది. వెల్లుల్లితో పారణ ఏ శాస్త్రంలో ఉందండీ? ఇంకా నయం, చాతుర్మాస్యం కాదు. మాధ్వుల లెక్కన మొదటి నెల ఆకుకూర పోతుంది, నాలుగో నెల శనగలు పోతాయి. మీకు రొట్టె, వెనిగరు మిగిలేవి.

నా పూరణ:

ధరణి నెత్తినట్టి దంష్ట్రికి మ్రొక్కుచుఁ
బుష్కరిణిని మునిఁగి పుణ్యదినము
భూవరాహు గుడిని భుజియింపఁ బులిహోర
పంది కాళ్ళ క్రింద పారణయ్యె

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
పంతులుగారూ, వెల్లుల్లి విషయంలో చేతులు జోడించేశాను. పద్యం మాత్రం గట్టిది. మూడో పాదంలో "భూవరాహు", "భుజియింప" అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

తెనాలి మిరప:
గట్టిదే, కాదనను. కానీ పంతులుగారు మళ్ళీ తిరుమల కొండెక్కేశారు! "ఎలుక పిల్లిఁ జూచి యిచ్చగించె" ఇచ్చినప్పుడూ ఇంతే. మేమంతా పిల్లితో కుస్తీ పడుతుంటే ఆయన ఎలుకను వినాయకుడి కింద కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నారు. సెవిల్ బారు గురించి అడిగితే స్వామి పుష్కరిణిలో ముంచారు. పైగా స్వామిని పట్టుకుని "పంది" అన్నారు. మొదటి పాదంలో దంష్ట్రి, మూడో పాదంలో భూవరాహుడు, నాలుగో పాదంలో పంది. ఒకే పద్యంలో స్వామి హోదా ఇలా దిగిపోయిందేం?

పాలమూరు పంతులు:
నాలుగో పాదం నాది కాదు నాయనా, శర్మగారిది. ఎలుక పూరణ గురించి అంటారా, దాని యతి మీకు ఆరోజు దొరకలేదు కనక ఇప్పటికీ గుర్తుంది.

విశాఖ వియోగి:
నాదొక చిన్న సందేహం, పూరణ కాదు. వేలాడేసేటప్పుడు డెక్క పైకి ఉంటుంది, తొడ కిందికి ఉంటుంది. అంటే శర్మగారు కూర్చున్నది తొడల కింద. "పంది తొడల క్రింద" అన్నా గణం చెడదు కదా. డెక్క దగ్గరి పట్టీ రంగు కూడా చూడాలి. 2014 నుంచి అక్కడ చట్టం అలా పెట్టారు. నల్ల పట్టీ ఉంటే అచ్చమైన ఇబేరియన్ జాతి, చివరి నెలల్లో అడవిలో ఓక్ కాయలు తిని బలిసినది. తెల్ల పట్టీదైతే కొట్టంలో దాణా తిని పెరిగినది. ముందు కాలైతే దాని పేరే వేరు, ధర తక్కువ.

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
వియోగిగారూ, సమస్యను సవరించే హక్కు దాన్ని ఇచ్చిన పృచ్ఛకుడికి కూడా లేదు. పైగా నేను కూర్చోలేదు, నిలబడే తిన్నాను. పట్టీ రంగు చూసేంత ధైర్యం లేదు.

ఓరుగల్లు కోకిల:
"క్రింద" ముందర "ళ్ళ" గురువైతది గదా అని ఎవరన్నా అడుగుతరేమో అని చూస్తున్న. ఎవరూ అడగలే. మన గుంపు పెద్దదైంది, సంతోషం.

నాది:

బల్లమీఁద సుద్దఁ బద్దులు వ్రాసిరి
తుడిచి చేతితోనె తుదకు నగిరి
అప్పు చెరిపినట్టె యాకలిఁ జెరిపిరి
పంది కాళ్ళ క్రింద పారణయ్యె

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
కోకిలా, ఇది మీరెక్కడ చూశారు? అక్కడ నిజంగానే బిల్లు కాగితం మీద కాదు. నల్లబడ్డ చెక్క బల్ల మీద మన గిన్నె ముందే సుద్దముక్కతో అంకెలు వేస్తారు. ఇంకోటి చెబితే కింద ఇంకో అంకె. డబ్బు ఇచ్చాక అరచేత్తో ఒక్క తుడుపు. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి ఆ బల్ల అంచు నున్నబడింది.

ఓరుగల్లు కోకిల:
మా మరదలు పోయొచ్చింది, ఫొటో చూపించింది. ఆమె లెక్క తప్పుగ వేసిన్రని గొడవ పెట్టుకుందట గానీ, చూపించేలోపే చెరిపేసిన్రట!

తెనాలి మిరప:
మూడో పాదం చదివి కాసేపు ఆగాను. "అప్పు చెరిపినట్టె యాకలిఁ జెరిపిరి". దీనికి వంక పెట్టాలంటే "నగిరి" పక్కన "అప్పు" దగ్గర సంధి అడగాలి. అది పాదం విరుపు కనక అడగను. ఇలాంటి పద్యం గోదారి ఒడ్డున ఎందుకు పుట్టదో ఆలోచించాలి.

ఇక నాది. శర్మగారు పారణ అన్నారు, పంతులుగారు వెల్లుల్లి అన్నారు. ఆ కూర అసలు ఎవరిదో ఎవరూ అడగలేదు. ఈస్టరుకు ముందు మాంసం మానేసే రోజుల్లో సెవిల్ ఇళ్ళల్లో వండుకునేదే పాలకూర శనగలు. అంటే అది వాళ్ళ ఉపవాసపు వంట!

శిలువ వారమందు సెవిలులోఁ గ్రైస్తవుల్
మాంస మంటకుండ మడిగ నుండి
మనకు ముందె తినిరి మన పాలకూరనే
పంది కాళ్ళ క్రింద పారణయ్యె

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
శభాష్! సమస్యలో విరోధం ఉందనుకున్నాను. మిరపగారు విరోధమే లేదని తేల్చేశారు. అదే గిన్నె, అదే నియమం, పైన అవే కాళ్ళు. నాకు ఎదురుగా నిలబడి తిన్న ముసలాయన కూడా ఆ లెక్కన నాకు సహపంక్తి.

గోదారిగట్టు:
ఆగండి ఆగండి. శభాష్ అనేముందు పద్యం చదవాలి. పారణ అంటే ఉపవాసం విడిచేటప్పటి భోజనం. మిరపగారి క్రైస్తవులు ఉపవాసంలో ఉండగానే పాలకూర తింటున్నారు. అది ఫలాహారమవుతుంది గానీ పారణ ఎలా అవుతుంది? మాంసం మానేసిన వాడు మాంసం తిన్ననాడే వాడికి పారణ. అప్పుడు కాళ్ళు పైన ఉండవు, పళ్ళెంలో ఉంటాయి! నా పద్యంలో పునరుక్తి ఉందేమో గానీ అర్థం తలకిందులు కాలేదు.

పాలమూరు పంతులు:
గట్టుగారు పట్టిన పట్టు సరైనదే.

తెనాలి మిరప:
పట్టు సరైనదే, మనిషే జారాడు. గుడ్ ఫ్రైడే నాడు వాళ్ళు మాంసం మానడమే కాదు, ఉపవాసం కూడా ఉంటారు. కడుపునిండా తినేది ఒక్క పూటే. పొద్దుట్నుంచీ కాళ్ళీడ్చుకుంటూ ఊరేగింపు వెంట తిరిగి, ఆ ఒక్క పూటా పాలకూర శనగలతో కూర్చుంటే దాన్ని పారణ అనక ఏమంటారు? మన ఏకాదశికి మర్నాడు, వాళ్ళకు అదేరోజు.

గోదారిగట్టు:
అదంతా వ్యాఖ్యానంలో ఉంది. పద్యంలో "శిలువ వారమందు" అని మాత్రమే ఉంది. వారానికి ఏడు రోజులు.

విశాఖ వియోగి:
"మన పాలకూర" అన్నదాని మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. వాళ్ళది పర్షియా నుంచి అరబ్బులు తెచ్చిన మొక్క. మన సంతలో పాలకూర అని అమ్మేదాంట్లో చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. రుచి దగ్గరే గానీ మొక్క వేరు. కనక "మన" అనకూడదు, మనవాళ్ళూ వాళ్ళూ కొట్టుకోవలసిన పనీ లేదు.

అమలాపురం అబ్బాయి:
వియోగిగారూ, "మన" తీసేస్తే యతి పోతుందండీ.

ఓరుగల్లు కోకిల:
అబ్బాయి ఎదిగిండు!

సెవిల్ శర్మ (నిర్వాహకుడు):
తీర్పు అడుగుతున్నారు కనక చెబుతాను. ఊహకు మిరపగారు. పద్యానికి కోకిలగారు. వ్యాఖ్యానం ఎంత బాగున్నా పద్యంలో లేని శుక్రవారాన్ని నేను మార్కుల్లో వేయలేను. గట్టుగారి ఆక్షేపణ నిలుస్తుంది. పంతులుగారికి ఎప్పటిలాగే ప్రసాదం.

గోదారిగట్టు:
మొదటి రెండు పాదాలూ మార్చాను, పునరుక్తి గొడవ వదిలింది.

సెవిలు వీథులందుఁ జిరునామ యడుగక
పాత బారుఁ జేరి పాలకూర
శనగ లొక్క గిన్నె చవులూరఁ దినుచుండ
పంది కాళ్ళ క్రింద పారణయ్యె

తెనాలి మిరప:
రెండు పాదాలు కాదు, ఒక్కటే మార్చారు. సరే, బాగుంది, ఇప్పుడు నిజంగానే బాగుంది. కానీ చిరునామా అడగకుండా బారు దాకా వెళ్ళారంటే దారి చూపించింది పాలకూర వాసనా, పైన వేలాడేవాటి వాసనా?