శని, ఆదివారాల్లో సేంద్రియ పొలంలో పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చల్కనేల:
ఉద్యోగం గచ్చిబౌలిలో. చేవెళ్ల వైపు ఒక సేంద్రియ పొలంలో వారానికి రెండు రోజులు పనిచేస్తూ నేర్చుకోమన్నారు. ఎర్ర చల్క, డ్రిప్పు, రెండు ఆవులు, ఎక్కువగా కూరగాయలు. రెండు రోజుల్లో ఏ పని పట్టుబడుతుంది? ఇంకోటి, అక్కడి జీవామృతం (పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే ద్రవం) డ్రమ్ము మురుగు కంపు కొడుతోంది, పైన పురుగులు. అలాగే ఉంటుందా?

గట్టుమట్టి:
ఉండదన్నా. సరిగ్గా పులిస్తే రెండో రోజుకి పైన నురగ కట్టి, దోసెపిండి పొంగినట్టు పుల్లటి వాసన రావాలి. మురుగు కంపంటే గాలి ఆడలేదని. మూత బిగించి ఉంటారు, లేదా కలపడం మానేసి ఉంటారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు, గట్టు మట్టి గుప్పెడు. ఆ మట్టి మందులు పడని చోటిదై ఉండాలి. డ్రమ్ము నీడలో పెట్టి గోనెసంచి కప్పండి, పొద్దునా సాయంత్రం కర్రతో అడుగు దాకా తిప్పండి. సంచి జారితే ఈగలు గుడ్లు పెడతాయి, మీరు చూసిన పురుగులు అవే. నల్లా నీళ్లయితే ఒకరోజు తెరిచి ఉంచాకే పోయాలి, క్లోరిన్ ఉంటే సరిగ్గా పులవదు.

48 గంటలకు తయారవుతుంది, వారంలోపు వాడెయ్యాలి. మీ చిక్కు ఇక్కడే: శనివారం కలిపితే సోమవారం మీరుండరు. గురువారం అక్కడివాళ్లతో కలిపించండి, వడకట్టి పారించే పని మీ చేతికొస్తుంది.

నీటిచుక్క:
ఆ వడకట్టడం దగ్గరే డ్రిప్పు పాడయ్యేది. పిండి, పేడ పీచు ఎమిటర్లలో, అంటే చుక్కలు పడే రంధ్రాల్లో, ఇరుక్కుంటాయి. రెండు మడతల పాత నూలు చీరలో వడకట్టి, తేరిన పైనీళ్లే వెంచురీకి (ద్రవాన్ని డ్రిప్పు పైపులోకి పీల్చే పరికరం) పెట్టండి. జాలీ ఫిల్టరు వెంచురీ తర్వాతే ఉండాలి. ముందూ వెనకా పావుగంట ఉత్త నీళ్లు నడిపి, పైపుల చివరి మూతలు విప్పి కడగండి. ఏదైనా మొక్క వాడిపోతే తెగులనుకోకముందు దాని మొదట్లో చుక్క పడుతోందో లేదో చూడండి.

ఆకుమడి:
అన్నీ తలా కొంచెం చేస్తే ఏదీ రాదు. 1 మీటరు వెడల్పు, 3 మీటర్ల పొడవు మడి ఒక్కటి అడిగి తీసుకోండి, మెంతికూర వేయండి. నెలలోపే కోతకొస్తుంది, నాలుగైదు వారాంతాల్లో విత్తు నుంచి కట్ట దాకా చూస్తారు. టమాటాతో మొదలుపెడితే నారు నాటాక రెండు నెలలు ఆగాలి.

చల్కలో వానపడి ఎండితే పైన పెచ్చు కట్టి మొలక లేవదు. అందుకే విత్తనం మీద మట్టి కాకుండా జల్లించిన, బాగా చివికిన ఎరువు అర అంగుళం కప్పి, పైన వరిగడ్డి పలచగా పరవండి. మొలక కనబడ్డ రోజే గడ్డి తియ్యాలి, లేదంటే పాలిపోయి పొడుగ్గా సాగి పడిపోతుంది. మీరు లేని రోజుల్లో ఈ పని ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. పచ్చి పేడ మాత్రం మడిలో వేయొద్దు, వేరుపురుగు చేరుతుంది.

చల్కనేల:
మెంతే వేస్తా. గురువారం డ్రమ్ము సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్తా.